అమ్మ కళ్లకు ఆనే డాక్: ప్రాజెక్టు డైరీ

మొదటి రోజు

అమ్మ వాడే లాప్‌టాప్ పాతది. తెర 1366×768 పిక్సెళ్లు. విండోస్‌కు బదులు లినక్స్, దాని మీద ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే డెస్క్‌టాప్, తెర అడుగున ప్లాంక్ అనే డాక్. డాక్ అంటే తెలిసిందే, తరచూ వాడే యాప్‌ల ఐకాన్లు వరసగా ఉండే పట్టీ. నాలుగేళ్ల కింద దాన్ని నేనే అమర్చి ఇచ్చాను. నల్లటి పట్టీ, సన్నటి గీతలతో గీసిన ఐకాన్లు, మౌస్ తగలగానే ఉబ్బే జూమ్. అప్పట్లో నాకు చాలా నచ్చింది.

నిన్న అమ్మ పక్కన కూర్చుని, ఏమీ చెప్పకుండా చూస్తూ ఉన్నాను. ఫోటోలు తెరవాలనుకుంది. ముఖం తెరకు దగ్గరగా పెట్టి, పట్టీని ఎడమ నుంచి కుడికి ఒకసారి, కుడి నుంచి ఎడమకు ఒకసారి చూసింది. చివరికి కెమెరా బొమ్మ ఉన్న ఐకాన్ నొక్కింది. అది స్క్రీన్‌షాట్ తీసే యాప్. మూసేసి మళ్లీ వెతికింది. రెండోసారి ఫోల్డర్ తెరుచుకుంది. మూడోసారికి గానీ ఫోటోలు రాలేదు.

"ఇవన్నీ ఒకేలా ఉన్నాయి నాన్నా, కళ్లకు ఆనడం లేదు" అంది.

నాలుగేళ్లుగా రోజూ ఇలాగే వెతుక్కుంటోందన్నమాట. నాకు చాలా బాధేసింది. అందుకే డాక్ రూపం మొత్తం మార్చాలని కూర్చున్నాను. ఏ మార్పు ఎందుకు చేశానో తర్వాత నాకే గుర్తుండదు కాబట్టి ఎప్పటికప్పుడు ఇక్కడ రాసుకుంటున్నాను. ఇంట్లో పెద్దవాళ్ల కోసం ఇలాంటి పని పెట్టుకున్నవాళ్లకు కూడా అక్కరకొస్తుంది.

ఈరోజు చేసింది ఒక్కటే. పట్టీ మీద ఉన్నవి లెక్కపెట్టాను. 18 ఐకాన్లు. అందులో అమ్మ వాడేవి ఏడు: బ్రౌజర్, వీడియో కాల్, ఫోటోలు, ఫోల్డర్, ఉత్తరాలు రాసుకునే రైటర్, పాటలు, సాలిటేర్ అనే పేకాట. మిగతా 11 నేను నా అలవాటు కొద్దీ పెట్టినవి. ఆదేశాలు టైప్ చేసే టెర్మినల్ అమ్మ డాక్‌లో ఎందుకుందో నాకే అర్థం కాలేదు.

రెండో రోజు: 64 పెట్టినా పెరగని ఐకాన్లు

కంట్రోల్ కీ నొక్కి పట్టుకుని పట్టీ మీద రైట్ క్లిక్ చేస్తే ప్లాంక్ మెనూలో ప్రిఫరెన్సెస్ కనబడుతుంది. మామూలు రైట్ క్లిక్‌కు ఆ యాప్ తాలూకు మెనూయే వస్తుంది, అందుకే ఈ సంగతి చాలామందికి తెలియదు. అక్కడ ఐకాన్ సైజు 48 ఉంటే 64 చేశాను. కొంచెం పెరిగినట్టే పెరిగి ఆగిపోయింది. స్క్రీన్‌షాట్ తీసి కొలిస్తే 64 లేదు.

కారణం మామూలు లెక్కలో ఉంది. డాక్ రూపం ఎలా ఉండాలో రాసి ఉండే థీమ్ ఫైల్‌లో ఐకాన్ల మధ్య ఖాళీ 2.5 అని ఉంది. ప్లాంక్‌లో ఈ ఖాళీల అంకెలు పిక్సెళ్లు కావు, ఐకాన్ సైజులో పదో వంతులు. 64 సైజుకు పదో వంతు 6.4, దాన్ని 2.5తో గుణిస్తే 16 పిక్సెళ్లు. అంటే ఒక్కో ఐకాన్‌కు 80 పిక్సెళ్ల చోటు. 18 ఐకాన్లకు 1440. తెర వెడల్పే 1366. పట్టీ తెరలో పట్టకపోతే ప్లాంక్ తనంతట తానే ఐకాన్లను కుదించేస్తుంది. కాబట్టి సైజు పెంచాలంటే ముందు సామాను తగ్గించాలి.

11 ఐకాన్లను పట్టీ మీద నుంచి బయటికి లాగి వదిలేశాను. యాప్‌లు ఎక్కడికీ పోవు, మెనూలో ఉంటాయి. ఏడు మిగిలాక 64 నిజంగా 64 అయింది.

సాయంత్రం అమ్మకు చూపించాను. "ఇంత ఖాళీగా ఉంటే బాగుంది" అంది. ఇంకా రంగు మార్చలేదు, బొమ్మ మార్చలేదు. అయినా సగం పని అయిపోయినట్టే అనిపించింది.

మూడో రోజు: జూమ్ తీసేశాను

మౌస్ దగ్గరకు వచ్చినప్పుడు ఐకాన్ పెద్దదయ్యే జూమ్ సదుపాయం పెద్దవాళ్లకు మేలు చేస్తుందని అనుకునేవాణ్ని. దగ్గర నుంచి చూశాక అభిప్రాయం మారింది. ఒక ఐకాన్ ఉబ్బితే దాని పక్కవి జరగాలి. అమ్మ మౌస్‌ను నెమ్మదిగా, కొంచెం వణుకుతూ తెస్తుంది. బాణం గుర్తు ఫోల్డర్ దగ్గరికి చేరేసరికి ఫోల్డర్ ఉబ్బి, ఫోటోలు కుడికి జరుగుతాయి. ఫోటోల కోసం కుడికి వెళ్తే ఫోల్డర్ తగ్గి, ఫోటోలు మళ్లీ ఎడమకు వస్తాయి. కదిలే లక్ష్యం వెంట కదిలే చెయ్యి. స్థిరంగా పెద్దగా ఉన్న ఐకాన్ దీనికన్నా వెయ్యి రెట్లు నయం.

1954లో పాల్ ఫిట్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక సూత్రం చెప్పాడు. చెయ్యి ఒక లక్ష్యాన్ని చేరడానికి పట్టే సమయం, ఆ లక్ష్యం ఎంత దూరంలో ఉంది, ఎంత వెడల్పుంది అనే రెంటి మీద ఆధారపడుతుందని. ఇప్పటికీ కంప్యూటర్ తెరల మీద బటన్ ఎంత ఉండాలో ఆలోచించేటప్పుడు దాన్నే పట్టుకుంటారు. దూరాన్ని నేను తగ్గించలేను. వెడల్పు నా చేతిలో ఉంది.

అందుకని సైజు 72 చేసి, ఐకాన్ల మధ్య ఖాళీని 2.5 నుంచి 4కి పెంచాను. పదో వంతు 7.2, నాలుగింతలు 28.8. ఒక్కో ఐకాన్‌కు దాదాపు 101 పిక్సెళ్లు, ఏడింటికి 706. తెర వెడల్పులో సగానికి కాస్త ఎక్కువ. తెరిచి ఉన్న వేరే యాప్‌లు ఇంకో నాలుగు వచ్చి చేరినా ఐకాన్లు కుదించుకుపోవు. ఈ ఖాళీ వృథా అని అనుకోవద్దు. ప్లాంక్‌లో ఐకాన్ చుట్టూ ఉన్న ఖాళీ కూడా ఆ ఐకాన్ కిందికే వస్తుంది, అక్కడ నొక్కినా యాప్ తెరుచుకుంటుంది. తెర అట్టడుగు అంచుకు మౌస్‌ను ఆనించి నొక్కి చూశాను, పనిచేసింది. అంచు దగ్గర బాణం గుర్తు దానంతటదే ఆగుతుంది కాబట్టి అమ్మ చేతికి అదొక ఆసరా.

పట్టీ దాక్కునే పద్ధతి కూడా ఆపేశాను. విండో మీదికొస్తే పట్టీ కిందికి జారిపోయేలా ఇంతకుముందు పెట్టాను. చోటు కలిసొస్తుంది, నిజమే. అమ్మకు మాత్రం అది "పోయింది". ఎప్పుడూ కనబడేలా పెడితే తెర ఎత్తు 768లో పట్టీకి 94 దాకా పోతుంది. ఒకసారికి ఒక్క విండోనే తెరిచే మనిషికి అది పెద్ద నష్టం కాదు.

ఎడమ పక్కన నిలువుగా పెడదామా అని ఒక గంట ఊగిసలాడాను. వెడల్పాటి తెరల్లో పక్కల చోటు ఎక్కువ, ఎత్తు తక్కువ. 2011 ఏప్రిల్‌లో వచ్చిన ఉబుంటు 11.04 యూనిటీ డెస్క్‌టాప్‌తో ఎడమ పక్క పట్టీ పెట్టడంలో ఆ తర్కం ఉంది. నాకూ అదే సబబనిపిస్తుంది, నా సొంత కంప్యూటర్‌లో పట్టీ ఎడమనే ఉంటుంది. కానీ నాలుగేళ్లుగా అమ్మ చెయ్యి కిందికి వెళ్లడానికి అలవాటుపడింది. ఆ అలవాటును చెరపడం అనవసరం. కిందే ఉంచాను.

నాలుగో రోజు: థీమ్ ఫైల్ తెరిచాను

ప్లాంక్ థీమ్ అంటే ఒకే ఒక చిన్న టెక్స్ట్ ఫైల్, పేరు డాక్ డాట్ థీమ్. హోమ్ ఫోల్డర్‌లో డాట్ లోకల్, అందులో షేర్, అందులో ప్లాంక్, అందులో థీమ్స్ అనే ఫోల్డర్. అక్కడ మనకు నచ్చిన పేరుతో ఒక ఫోల్డర్ పెట్టి, ఆ ఫైల్‌ను అందులో ఉంచితే ప్రిఫరెన్సెస్‌లోని థీమ్‌ల జాబితాలో ఆ పేరు కనబడుతుంది. నేను "అమ్మ" అని పెట్టాను. సిస్టమ్ ఫోల్డర్‌లో ఉన్న థీమ్‌ను నేరుగా దిద్దకుండా ఇలా కాపీ చేసుకోవడం మేలు, అప్‌డేట్ వచ్చినా మన పని చెరిగిపోదు.

ఫైల్ లోపల రెండు భాగాలుంటాయి. మొదటి దాంట్లో పట్టీ మూలలు ఎంత గుండ్రంగా ఉండాలి, అంచు గీత ఎంత మందం, ఏ రంగు, పట్టీ నిండా ఏ రంగు. రెండో దాంట్లో ఖాళీలు, ఐకాన్ కింది నీడ, యాప్ తెరిచి ఉందని చూపే చుక్క సైజు, గెంతే ఎత్తు, సమయాలు. రంగును నాలుగు అంకెలుగా రాయాలి: ఎరుపు, ఆకుపచ్చ, నీలం, నాలుగోది ఎంత మందంగా ఉండాలనేది. ఒక్కోటి 0 నుంచి 255 వరకు. అంకెల మధ్య సెమికోలన్ ఒకటి కాదు, రెండు పెట్టాలి. ఇలా:

24;;28;;34;;230

ఇది పాత పట్టీ రంగు. దాదాపు నలుపు, పదో వంతు పారదర్శకం.

రంగు సంగతి రేపు. ఈరోజంతా ఒక్క అంకె దగ్గరే గడిచింది. నేను కాపీ చేసుకున్న థీమ్‌లో పై ఖాళీకి మైనస్ అంకె ఉంది. ఖాళీ మైనస్ ఎలా అవుతుందని అనుకున్నాను. ఐకాన్ పైభాగం పట్టీని దాటి బయటికి వస్తుందన్నమాట. పట్టీ సన్నటి అరలాగా కింద ఉంటే, ఐకాన్లు దాని మీద నిలబడినట్టు కనబడతాయి. 2007లో యాపిల్ వాళ్లు మ్యాక్ ఓఎస్ టెన్ లెపర్డ్‌లో అద్దపు అరలాంటి డాక్ తెచ్చారు. ఐకాన్ల ప్రతిబింబం కూడా దాంట్లో పడేది. చూడ్డానికి అందంగానే ఉండేది. 2014లో యోసమిటీ వెర్షన్‌తో అదే డాక్‌ను మళ్లీ చదునైన పట్టీగా మార్చేశారు. ఆ అర పద్ధతి చాలా థీమ్‌లలో ఇంకా బతికే ఉంది.

అమ్మ డెస్క్‌టాప్ వెనక ఉన్నది తోట ఫోటో. ఆకులు, పూలు, నీడలు. ఐకాన్ల పై సగం ఆ ఆకుల మీద పడుతోంది. పట్టీకి ఎంత మంచి రంగు వేసినా ఐకాన్ దాని మీద లేనప్పుడు ఏం లాభం? పై ఖాళీని 1.5, కింది ఖాళీని 1.5 చేశాను. 72 సైజు ఐకాన్‌కు పైన దాదాపు 11 పిక్సెళ్లు, కింద 11. ప్లాంక్‌ను ఆపి మళ్లీ మొదలుపెట్టగానే పట్టీ పైకి లేచి ఐకాన్లన్నిటినీ తనలోకి తీసుకుంది. పళ్లెంలో పెట్టినట్టు కుదురుగా కూర్చున్నాయి. ఇన్నేళ్లూ ఐకాన్లను ఆకుల్లో వదిలేశానే అనిపించింది.

ఇంతలో ఒక చిక్కు. పట్టీకి కొంచెం పైన, దానికి సంబంధం లేకుండా, సన్నటి నల్ల గీత ఒకటి కనబడింది. థీమ్ ఫైల్‌లో గీత మందం సున్నా చేసినా పోలేదు. అది ప్లాంక్ గీసేది కాదు. ప్లాంక్ విండో మనకు కనబడే పట్టీ కంటే ఎత్తుగా ఉంటుంది, ఆ పైభాగం కనబడని ఖాళీ. విండోల కింద నీడలు వేసే పని ఎక్స్‌ఎఫ్‌సీఈ విండో మేనేజర్‌ది. అది ఆ కనబడని అంచుకు కూడా నీడ వేస్తోంది. సెట్టింగ్స్‌లో విండో మేనేజర్ ట్వీక్స్ తెరిచి, కంపోజిటర్ ట్యాబ్‌లో డాక్ విండోల కింద నీడలు చూపించమనే టిక్కు తీసేశాను. గీత మాయమైంది. నీడలు, పారదర్శకత చూసుకునే ఆ కంపోజిటర్‌నే ఆపేస్తే మాత్రం పట్టీ చుట్టూ నల్లటి పెట్టె వస్తుంది, ఆ పని చేయొద్దు.

ఐదో రోజు: రంగుల లెక్క

ఒక రంగు మీద ఇంకో రంగు ఎంత తేటగా కనబడుతుందో కొలవడానికి ఒక పద్ధతి ఉంది. వెబ్ పేజీలు అందరికీ అందుబాటులో ఉండాలని వెబ్ ప్రమాణాలు తయారుచేసే డబ్ల్యూ3సీ సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల్లో దాన్ని వాడతారు. రెండు రంగుల వెలుగును లెక్కగట్టి, ఒక్కోదానికి 0.05 కలిపి, ఎక్కువదాన్ని తక్కువదానితో భాగిస్తారు. ఒకే రంగైతే 1 వస్తుంది, తెలుపు మీద నలుపైతే 21. 2018లో వచ్చిన 2.1 వెర్షన్ ప్రకారం ఐకాన్ల వంటి బొమ్మలకు కనీసం 3 ఉండాలి. అది వెబ్ కోసం రాసినదే, కానీ కన్ను ఎక్కడైనా కన్నే కదా.

పాత ఏర్పాటును కొలిచాను. ఉత్తరాల ఐకాన్ ముదురు నీలం, 31;;58;;110. పట్టీ దాదాపు నలుపు. వచ్చిన అంకె 1.5. ఉండాల్సిన దాంట్లో సగం. నా కళ్లు ఇంకా బాగున్నాయి కాబట్టి నాకు కనిపించింది, అమ్మకు అక్కడ నల్లటి మచ్చ తప్ప ఏమీ లేదు.

సరే, పట్టీని లేత రంగు చేద్దామని 236;;232;;222 పెట్టాను. మీగడ రంగు. నీలం ఐకాన్‌కు 9 వచ్చింది. సంతోషంగా కింది వరస చూశాను. పసుపు ఫోల్డర్, 240;;190;;40. నలుపు మీద 9.9 ఉన్నది కాస్తా మీగడ మీద 1.4కు పడిపోయింది! ఒకదాన్ని లేపితే ఇంకోటి మునిగింది. పట్టీకి ఏ రంగు వేసినా ఏదో ఒక ఐకాన్ దాంట్లో కలిసిపోతుంది, ఎందుకంటే ఐకాన్లు ఒకరు గీసినవి కావు, ఒక్కో యాప్‌ది ఒక్కో లోకం.

ఇక మిగిలిన దారి ఐకాన్ల చుట్టూ అంచు గీయడం. లేత పట్టీ మీద ప్రతి ఐకాన్‌కూ ముదురు అంచు ఉంటే, లోపలి రంగు ఏదైనా ఆకారం నిలబడుతుంది. ఫోల్డర్‌కు ముదురు గోధుమ రంగు అంచు, 92;;52;;16, వేసి కొలిస్తే 8.8. అంటే ఏడు ఐకాన్లనూ నేనే గీయాలి. అనుకున్నదానికంటే పని పెరిగింది, అయినా తప్పదు.

రాత్రి దీపం ఆర్పి చూస్తే మీగడ పట్టీ కళ్లలో పొడిచినట్టుంది. 210;;206;;198కి దించాను. నీలం ఐకాన్‌కు ఇంకా 7 ఉంది, ఫోల్డర్ అంచుకు 6.9. చాలు. నాలుగో అంకె 255, అంటే పారదర్శకం అస్సలు లేదు. వెనకున్న ఆకుల్లో ఒక్కటి కూడా పట్టీలోంచి తొంగిచూడకూడదు.

ఆరు, ఏడు, ఎనిమిది రోజులు: ఏడు బొమ్మలు

బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్ యాప్‌లో గీశాను. ఎస్‌వీజీ రూపంలో ఉంచితే ఏ సైజుకైనా మసకబారకుండా సాగుతుంది.

గీసేముందు పాత పట్టీ స్క్రీన్‌షాట్‌ను ఫోటోలు దిద్దే గింప్ యాప్‌లో తెరిచి, రంగు తీసేసి, 8 పిక్సెళ్ల బ్లర్ ఇచ్చి చూశాను. అమ్మకు ఎలా కనబడుతుందో అచ్చంగా చెప్పలేను గానీ దేని మీద ఆధారపడుతోందో తెలిసింది. ఆ మసకలో ఏడుకు ఏడూ ఒకే ఆకారం: మూలలు గుండ్రంగా ఉన్న చదరం. ఇప్పటి ఐకాన్లు చాలావరకు అలాగే వస్తున్నాయి, అన్నిటికీ ఒకటే డబ్బా, తేడా అంతా లోపలి చిన్న గుర్తులో ఉంటుంది. ఆ గుర్తు మసకబారితే మిగిలేది డబ్బాయే. వీడియో కాల్ ఆకుపచ్చ, బ్రౌజర్ నీలం కూడా రంగు తీసేస్తే ఒకే బూడిద రంగు. అమ్మ చెప్పింది అక్షరాలా నిజం. అన్నీ ఒకేలా ఉన్నాయి.

అందుకని నాకు నేను పెట్టుకున్న నియమం ఇది. లోపల ఏమీ గీయకముందే, ఒట్టి నల్లటి నీడగా ఉన్నప్పుడే ఏది ఏమిటో తెలిసిపోవాలి.

బ్రౌజర్ గుండ్రటి గోళం, అది తేలిక. ఉత్తరాలకు నిలువు కాగితం, పైమూల మడిచి ఉంటుంది, దాని మీద ఏటవాలుగా కలం, కలం కొన కాగితం దాటి బయటికి వస్తుంది. ఆ బయటికి వచ్చిన కొనే నీడలో గుర్తు. పాటలకు రెండు కాళ్ల స్వరం గుర్తు, చుట్టూ ఏ డబ్బా లేకుండా. సాలిటేర్‌కు విసనకర్రలా పరిచిన మూడు ముక్కలు. ఫోల్డర్ మామూలుగా అడ్డంగా, పైన చెవితో.

కష్టపెట్టినవి రెండు. వీడియో కాల్‌కు మొదట కెమెరా గీశాను. నీడగా చూస్తే పక్కనున్న ఫోల్డర్‌తో కలిసిపోయింది, రెండూ అడ్డం దీర్ఘచతురస్రాలే. ఫోన్ రిసీవర్ గీశాను. పాత టెలిఫోన్ రిసీవర్, ఏటవాలుగా, మధ్యలో వంపు. అమ్మ తరానికి ఫోన్ అంటే ఆ ఆకారమే. బాగా కుదిరింది. ఫోటోలకు మాత్రం మూడు రకాలు గీసి మూడూ తీసేశాను. కొండలు, సూర్యుడు ఉన్న ఫ్రేమ్ అందరూ గీసేదే, కానీ నీడలో మళ్లీ డబ్బా. రెండు ఫోటోలను ఒకదాని మీద ఒకటి వంకరగా పెట్టినా మసకలో కాగితంలాగే ఉంది. చివరికి అమ్మనే అడిగాను.

"ఫోటోలు అంటే నీకు ముందు ఏం గుర్తొస్తుందమ్మా?"

"ఆల్బమ్. తెరిచి ఒళ్లో పెట్టుకుంటాం కదా."

తెరిచిన పుస్తకం! మధ్యలో కిందికి వంపు, రెండు పక్కలా పైకి లేచిన పుటలు, పుటకొక ఫోటో. నీడలో పక్షి రెక్కల్లా ఉంటుంది, ఇంకే ఐకాన్‌తోనూ కలవదు. మూడు రోజుల పనిలో నాకు బాగా ఇష్టమైనది అదే, ఆలోచన అమ్మది.

అంచు గీత మందం ముందు 2 పిక్సెళ్లు పెట్టాను. 72 సైజులో చూస్తే పలచగా ఉంది. 3 చేశాక నిలబడింది. 4 చేస్తే పాటల గుర్తు కాళ్ల మధ్య సందు మూసుకుపోయింది. 3 దగ్గర ఆగాను.

తొమ్మిదో రోజు: ఒక్కో యాప్‌కు రెండు ఐకాన్లు

బొమ్మలు సిద్ధం. ఇక యాప్‌లకు తగిలించాలి. ప్రతి యాప్‌కూ పేరు, ఐకాన్, తెరిచే ఆదేశం రాసి ఉన్న డెస్క్‌టాప్ ఫైల్ ఒకటి సిస్టమ్ ఫోల్డర్‌లో ఉంటుంది. దాన్ని హోమ్‌లోని డాట్ లోకల్, షేర్, అప్లికేషన్స్ ఫోల్డర్‌లోకి అదే పేరుతో కాపీ చేస్తే సిస్టమ్ దానికంటే మన కాపీకే పెద్దపీట వేస్తుంది. అందులో ఐకాన్ అన్న వరసలో నా ఎస్‌వీజీ ఫైల్ పూర్తి దారి రాశాను.

పట్టీలో ఏమీ మారలేదు. ఫోటోలు తెరిచి చూస్తే పట్టీ చివర కొత్త ఆల్బమ్ ఐకాన్ ప్రత్యక్షమైంది, పాతది దాని చోట అలాగే ఉంది. ఒకే యాప్‌కు రెండు! అమ్మకు ఇలా ఇస్తే ముందుకంటే అన్యాయం. కాసేపు టెన్షన్ పడ్డాను.

ప్లాంక్ తన పట్టీలోని ఒక్కో ఐకాన్‌కు ఒక్కో చిన్న ఫైల్ ఉంచుకుంటుంది, డాక్‌ఐటమ్ అంటారు. హోమ్‌లో డాట్ కాన్ఫిగ్ కింద, ప్లాంక్ ఫోల్డర్‌లో లాంచర్స్ దగ్గర ఉంటాయి. తెరిచి చూస్తే అసలు సంగతి ఒక్క వరసలోనే ఉంది: ఫలానా డెస్క్‌టాప్ ఫైల్ ఫలానా చోట ఉంది అని. ఆ చోటు ఇంకా పాత సిస్టమ్ ఫోల్డరే. పట్టీలో కూర్చున్నది పాత ఫైల్, తెరుచుకున్న విండోకు జత కుదిరింది కొత్త ఫైల్‌తో. రెండూ వేరని ప్లాంక్ అనుకుంది, రెండు ఐకాన్లు చూపింది. పాతవన్నీ పట్టీ నుంచి లాగేసి, కొత్త కాపీలను ఒక్కోటి తెచ్చి పట్టీ మీద వదిలాను. ఆరు కుదిరాయి.

ఏడోది వీడియో కాల్. అది విడి యాప్ కాదు, బ్రౌజర్‌తోనే వేరే విండోగా తెరుచుకునేలా నేను చేసుకున్న షార్ట్‌కట్. దాని విండో ఎవరిదో ప్లాంక్‌కు తెలియక పక్కన ఇంకో ఐకాన్ పెడుతోంది. ఇలాంటప్పుడు టెర్మినల్‌లో ఎక్స్‌ప్రాప్ అని కొట్టి ఆ విండో మీద నొక్కితే చాలా వరసలు వస్తాయి, వాటిలో విండో క్లాస్ అన్న దాని ఎదుట రెండు పేర్లు ఉంటాయి. రెండో పేరును డెస్క్‌టాప్ ఫైల్‌లో స్టార్టప్ డబ్ల్యూఎం క్లాస్ అనే వరసగా చేర్చాను, పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు మార్చకుండా ఉన్నదున్నట్టు. సెషన్ నుంచి బయటికొచ్చి మళ్లీ లోపలికి వెళ్లాక జంట విడిపోయింది. ఒక్కటే రిసీవర్.

అదే ఫైల్‌లో ఉండగా పేర్లు కూడా తెలుగు చేశాను. మౌస్ ఐకాన్ మీద ఆగితే పైన చిన్న పెట్టెలో పేరు కనబడుతుంది, అది ఈ డెస్క్‌టాప్ ఫైల్‌లోని నేమ్ అన్న వరస నుంచే వస్తుంది. ఫోటోలు, ఉత్తరాలు, పాటలు, పేకముక్కలు. సాలిటేర్ ఒక్కటి మాత్రం ఇంగ్లీష్‌లోనే చూపించింది. ఆ ఫైల్‌లో నేమ్ అన్నది భాషకొకటి చొప్పున చాలాసార్లు ఉంది, ఈ లాప్‌టాప్ బ్రిటిష్ ఇంగ్లీష్‌లో పెట్టి ఉండటంతో ఆ భాష గుర్తున్న వరసనే తీసుకుంది. దాన్ని కూడా మార్చాను. తెలుగు అక్షరాల బదులు గళ్లు కనబడితే నోటో సాన్స్ తెలుగు గానీ లోహిత్ తెలుగు గానీ ఇన్‌స్టాల్ చేసుకుంటే సరి.

పదో రోజు: అమ్మ చేతికి

ఏమీ చెప్పకుండా లాప్‌టాప్ ఆమె ముందు పెట్టాను.

మొదట నవ్వింది. "ఇది నా ఆల్బమే కదా" అని దాని మీద నొక్కింది. ఫోటోలు తెరుచుకున్నాయి. ఒకే ఒక్కసారి నొక్కింది, ముఖం తెర దగ్గరికి తీసుకెళ్లలేదు, కుర్చీలో వెనక్కి ఆనుకునే ఉంది. నేను పక్కన కూర్చుని ఆ దూరాన్నే చూస్తూ ఉండిపోయాను.

రెండు ఫిర్యాదులు వచ్చాయి. యాప్ నొక్కగానే ఐకాన్ గెంతుతోంది, "అది కదిలితే మళ్లీ నొక్కాలేమో అనిపిస్తోంది" అంది. నిజమే, రెండుసార్లు నొక్కి రెండు విండోలు తెరుస్తోంది. థీమ్ ఫైల్‌లో గెంతే ఎత్తును సున్నా చేశాను. రెండోది, ఏ యాప్ తెరిచి ఉందో చెప్పే కింది చుక్క కనబడటం లేదని. దాని అంకె 5 ఉంటే 8 చేశాను. ఇప్పుడు చుక్క అంటే చుక్కలా లేదు, దీపం వెలుగులా ఉంది. నా కంటికి కొంచెం ఎక్కువే, అమ్మకు సరిపోయింది.

రెండు వారాల తర్వాత

నిన్న అమ్మ నన్ను పిలవకుండానే చిన్నమ్మకు వీడియో కాల్ చేసింది. నాకు ఆ సంగతి చిన్నమ్మ చెబితే తెలిసింది.

ఇదంతా పోకుండా దాచాను. థీమ్ ఫోల్డర్, డెస్క్‌టాప్ ఫైళ్లు, ఎస్‌వీజీ బొమ్మలు, డాక్‌ఐటమ్‌లు ఒక పెన్ డ్రైవ్‌లోకి. అవి ఒక్కటే చాలవు. ఐకాన్ల వరస, సైజు, ఏ థీమ్ ఎంచుకున్నామనేది డీకాన్ఫ్ అనే సెట్టింగ్‌ల గూటిలో ఉంటాయి. ప్లాంక్‌కు సంబంధించిన భాగాన్ని డీకాన్ఫ్ డంప్ ఆదేశంతో ఒక టెక్స్ట్ ఫైల్‌గా తీసి దాంతోపాటే పెట్టాను. కొత్త యూజర్ ఖాతా ఒకటి తెరిచి అన్నీ తిరిగి పెట్టి చూశాను, వరస మారకుండా వచ్చింది. డెస్క్‌టాప్ ఫైళ్లలో ఐకాన్ దారి మాత్రం పాత యూజర్ పేరుతో ఉంటుంది, దాన్ని చేత్తో దిద్దుకోవాలి.

లినక్స్‌లో విండోలను తెర మీద చూపే వ్యవస్థల్లో పాతది ఎక్స్11, కొత్తది వేలాండ్. ప్లాంక్ ఎక్స్11 మీద నడిచేది, వేలాండ్ మీద నడవదు. అమ్మ లాప్‌టాప్‌ను వేలాండ్ వైపు మార్చే రోజు వస్తే ఈ థీమ్ ఫైల్ పనికిరాదు. ఏడు బొమ్మలు, వాటి వరస, రంగుల అంకెలు మాత్రం ఏ డాక్‌లోకైనా వస్తాయి, అందుకే వాటిని విడిగా ఒక కాగితం మీద కూడా రాసిపెట్టాను.

ఈరోజు పొద్దున అమ్మ ఒక కోరిక కోరింది. ఫోటోల పక్కన క్యాలెండర్ కూడా ఉంటే బాగుంటుందట. ఎనిమిది అవుతాయి, 806 పిక్సెళ్లు, చోటుంది. గోడ క్యాలెండర్ ఆకారం నీడలో ఉత్తరాల కాగితంతో కలిసిపోతుంది. పైన వేలాడే మేకు, దారంతో త్రికోణం గీస్తే విడిపోతుందేమో, రాత్రికి కూర్చుని చూడాలి.